ముందు మెయిన్ బోర్డు, తర్వాతే చార్జర్: ఒక ఇంటికి స్మార్ట్ చార్జర్ ఎంచుకున్న తీరు

ఇళ్ళలో ఎలక్ట్రిక్ కారు చార్జర్లు పెట్టించడం నా పని. "ఏ చార్జర్ మంచిదండీ?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కేటలాగులు ముందేసుకుని దీనికి జవాబు చెప్పలేం. ఇంటి మెయిన్ బోర్డు మూత తీసి, ఏ ఫేజు మీద ఎంత లోడు ఉందో చూశాకే చెప్పగలం. ఈమధ్య పూర్తి చేసిన ఒక ఇంటి పనిని మొదటి నుంచి చివరిదాకా ఇక్కడ వివరిస్తున్నాను. కొత్తగా కారు కొన్నవాళ్ళకి, వాళ్ళకి చార్జర్ బిగించే ఎలక్ట్రీషియన్లకి ఇద్దరికీ ఉపయోగపడాలన్నది నా ఉద్దేశం.

ఇల్లు, కారు, వాళ్ళు కోరింది

రెండంతస్తుల సొంత ఇల్లు. త్రీ ఫేజ్ కనెక్షన్. మీటరు తర్వాత ఫేజుకి 32 ఆంప్స్ మెయిన్ బ్రేకర్ ఉంది. కారు నిలిపే చోటు మెయిన్ బోర్డు నుంచి కేబుల్ వెళ్ళే దారిలో సుమారు 20 మీటర్లు. కారు బ్యాటరీ 45 కిలోవాట్ అవర్లు, అంటే మన బిల్లు భాషలో 45 యూనిట్లు. మేడ మీద సోలార్ పెట్టించాలని, ఒకట్రెండేళ్ళలో రెండో కారు కూడా ఎలక్ట్రిక్‌దే తీసుకోవాలని వాళ్ళ ఆలోచన.

ఇంటాయన ముందే ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నారు. "22 కిలోవాట్లది పెట్టేయండి సర్, మళ్ళీ మార్చే పని ఉండకూడదు" అన్నారు. "పెడదామండీ, ముందు మీ కారు ఎంత తీసుకుంటుందో చూద్దాం" అని కారు మాన్యువల్ తెరిపించాను. ఏసీ చార్జింగ్ గరిష్ఠంగా 7.2 కిలోవాట్లు, సింగిల్ ఫేజ్ అని రాసి ఉంది. 22 కిలోవాట్ల చార్జర్ పెట్టినా ఈ కారుకి అందేది 7.2 కిలోవాట్లే.

చాలామందికి ఇక్కడే అయోమయం. గోడకి బిగించే పెట్టెని మనం చార్జర్ అంటాం కానీ, ఏసీని డీసీగా మార్చి బ్యాటరీని నింపే అసలు చార్జర్ కారు లోపల ఉంటుంది. గోడమీది పెట్టె చేసేది కరెంటుని భద్రంగా ఇవ్వడం, ఆపడం, "ఇంతకంటే ఎక్కువ లాగొద్దు" అని కారుకి చెప్పడం. ఆ చెప్పడం ఎలా జరుగుతుందో తెలిస్తే, ఇంటి లోడుని బట్టి తనంతట తానే కరెంటు తగ్గించి పెంచే స్మార్ట్ చార్జర్ గురించి సగం అనుమానాలు తీరిపోతాయి. ప్లగ్గులో కంట్రోల్ పైలట్ అని ఒక సన్నని పిన్ను ఉంటుంది. దాని మీద సెకనుకి వెయ్యిసార్లు కొట్టుకునే ఒక చిన్న సిగ్నల్ నడుస్తుంది. ప్రతి చక్రంలో ఆ సిగ్నల్ ఎంత శాతం సేపు పైన ఉంటుందో అదే సందేశం. 10 శాతం అంటే 6 ఆంప్స్, దాదాపు 27 శాతం అంటే 16, దాదాపు 53 శాతం అంటే 32. చార్జర్ ఈ శాతాన్ని తగ్గిస్తే కారు 5 సెకన్లలోగా తన కరెంటు తగ్గించుకోవాలి. కార్ల చార్జింగ్‌కి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61851 చెప్పేది ఇదే. 6 ఆంప్స్ కంటే తక్కువ చెప్పే వీలు ఇందులో లేదు. అంతకంటే తగ్గాలంటే చార్జింగ్ పూర్తిగా ఆపాల్సిందే. ఈ 6 ఆంప్స్ సంగతి గుర్తుంచుకోండి, సోలార్ దగ్గర మళ్ళీ పని పడుతుంది.

అసలు ఎంత కావాలి

వాళ్ళ రోజువారీ తిరుగుడు 50 కిలోమీటర్ల లోపే. ఇలాంటి కారు 100 కిలోమీటర్లకి బ్యాటరీలోంచి సుమారు 15 యూనిట్లు తీసుకుంటుంది అనుకుంటే రోజుకి ఏడున్నర యూనిట్లు. చార్జింగ్‌లో పోయేది కూడా కలుపుకుంటే గోడ దగ్గర ఎనిమిదిన్నర. 16 ఆంప్స్ మీద, అంటే 3.7 కిలోవాట్లతో పెట్టినా రెండున్నర గంటల్లోపే అయిపోతుంది. రాత్రంతా కారు ఇంట్లోనే ఉంటుంది కదా.

కాబట్టి ఈ కారు ఒక్కటే ఉండి, సోలార్ ఆలోచన లేకపోతే, 16 ఆంప్స్‌కి సెట్ చేసిన మామూలు వాల్ చార్జర్ ఈ ఇంటికి సరిపోతుంది. స్మార్ట్ అవసరం లేదు. ఆ మాట వాళ్ళకి మొహమాటం లేకుండా చెప్పాను. లెక్క వేయకుండా స్మార్ట్ చార్జర్ అంటగట్టడం నాకు నచ్చదు. రెండో కారు, సోలార్ రెండూ ఖాయం అని వాళ్ళు గట్టిగా చెప్పాకే స్మార్ట్ వైపు వెళ్ళాం.

"మరి కారుతో ఇచ్చిన కేబులే ఉంది కదా, సాకెట్‌కి పెట్టుకుంటే పోలేదా?" అని కూడా అడిగారు. అప్పటికి వాళ్ళు చేస్తున్నది అదే, గేటు పక్కనున్న 16 ఆంప్స్ సాకెట్ మీద. ఆ సాకెట్ ప్లేటు విప్పి చూపించాను. ఫేజు వైపు బాగానే ఉంది. న్యూట్రల్ స్క్రూ అర చుట్టు వదులైంది. అక్కడ వైరు మీది ఇన్సులేషన్ రెండు సెంటీమీటర్ల మేర గోధుమ రంగుకి తిరిగి, గోరుతో నొక్కితే పెళుసుగా విరిగిపోయింది. టెర్మినల్ పక్కనున్న ప్లాస్టిక్ కాస్త కరిగి వంగి ఉంది. బయటి నుంచి చూస్తే మాత్రం తెల్లగా, కొత్తదానిలా కనిపిస్తోంది. గీజరు కూడా అదే కరెంటు తీసుకుంటుంది కానీ కాసేపటికి కట్ అవుతుంది, సాకెట్ చల్లారుతుంది. కారు గంటల తరబడి ఆపకుండా లాగుతుంది. వదులైన స్క్రూ దగ్గర వేడి పుడుతుంది, వేడికి స్క్రూ ఇంకా వదులవుతుంది. బ్రేకర్‌కి ఇది తెలియదు, ఎందుకంటే కరెంటు మామూలుగానే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి ఊరెళ్ళినప్పుడు వాడుకోవడానికి ఆ కేబుల్ మంచిదే. రోజూ అదే దారి అయితే ఆ సాకెట్‌నీ వైరింగ్‌నీ దానికి తగ్గట్టు కొత్తగా వేయించాలి.

మెయిన్ బోర్డు చెప్పింది

ఆర్, వై, బి అనే మూడు ఫేజుల మీదా లాగర్, అంటే ఎప్పుడెంత కరెంటు పోతోందో నమోదు చేసే మీటరు, బిగించి కొన్నాళ్ళు వదిలేశాం. ఒకసారి క్లాంప్ మీటరు పెట్టి చూసి వచ్చేస్తే సరిపోదు. ఇంట్లో లోడు పొద్దున ఒకలా, అర్ధరాత్రి ఒకలా ఉంటుంది. ఆర్ ఫేజు మీద గీజర్లు, కింది ఏసీలు ఉన్నాయి. పొద్దున పీక్ 27 ఆంప్స్ దాకా పోతోంది, రాత్రంతా 14 నుంచి 16 మధ్య నడుస్తోంది. వై ఫేజు మీద పై ఏసీ, ఇండక్షన్ స్టవ్. సాయంత్రం 18 దాకా. బి ఫేజు దాదాపు ఖాళీ. లైట్లు, ఫ్రిజ్ కలిసి 3 ఆంప్స్. నీళ్ళ మోటారు ఆన్ అయితే ఇంకో 6 కలిసి 9.

చార్జర్‌ని బి ఫేజు మీద పెట్టాలని అర్థమైంది. కానీ లాగర్ ఇంకో సంగతి కూడా బయటపెట్టింది. ట్యాంకు ఖాళీ అయితే నీళ్ళ మోటారు ఆటోమేటిక్‌గా ఆన్ అయ్యే ఏర్పాటు ఉంది కాబట్టి అది రాత్రి రెండింటికి కూడా నడుస్తోంది. ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు లెక్క చూడండి. కారు పూర్తి వేగంతో 31 ఆంప్స్ తీసుకుంటుంది. దానికి 9 కలిపితే 40. మెయిన్ బ్రేకర్ 32. చాలామంది 32 దాటగానే బ్రేకర్ పడిపోతుందనుకుంటారు. అలా కాదు. ఇళ్ళలో వాడే ఎంసీబీల, అంటే ఇలాంటి చిన్న బ్రేకర్ల, ప్రమాణం ప్రకారం, రేటింగ్‌కి 1.13 రెట్లు, అంటే 36 ఆంప్స్ మీద గంటసేపు పడిపోకూడదు. 1.45 రెట్లు, అంటే 46 ఆంప్స్ మీద గంటలోపు పడి తీరాలి. ఈ రెండింటి మధ్య ఎప్పుడు పడుతుందో చెప్పలేం. మన 40 సరిగ్గా ఆ మధ్యలో ఉంది. ఒక రాత్రి పడుతుంది, ఒక రాత్రి పడదు. ఎండాకాలం బోర్డు వేడెక్కి ఉంటే తొందరగా పడుతుంది. పడని రాత్రి బ్రేకరూ, దాని కింది టెర్మినల్సూ కాగుతూ ఉంటాయి. నన్ను అడిగితే పడే రాత్రి కంటే పడని రాత్రే ప్రమాదం.

దీనికి మూడు దారులున్నాయి. కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టి కనెక్షన్ సామర్థ్యం పెంచుకోవడం ఒకటి. చార్జర్‌ని శాశ్వతంగా తక్కువకి కట్టేయడం రెండోది. మూడోది ఇంటి లోడు చూసుకుంటూ తనంతట తాను తగ్గి పెరిగే చార్జర్. దీన్నే డైనమిక్ లోడ్ బ్యాలన్సింగ్ అంటారు. మెయిన్ లైన్ల చుట్టూ సీటీ అనే చిన్న రింగులు తొడుగుతారు. అవి ప్రతి ఫేజులో ఎంత కరెంటు పోతోందో చార్జర్‌కి చెబుతుంటాయి. బి ఫేజు మొత్తానికి 28 ఆంప్స్ హద్దు పెట్టామనుకోండి. మామూలప్పుడు ఇంటికి 3 పోగా కారుకి 25. మోటారు ఆన్ అయితే ఇంటికి 9, కారుకి 19. పైలట్ సిగ్నల్ దాదాపు 42 శాతం నుంచి 32 శాతానికి దిగుతుంది, అంతే. కారు ఆగదు, బ్రేకర్ పడదు. తగ్గడానికి కొన్ని సెకన్లు పట్టినా ఫరవాలేదు. బ్రేకర్ వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది కాబట్టి ఆ కొద్ది సెకన్ల ఓవర్‌లోడుని అది పట్టించుకోదు.

నా దృష్టిలో స్మార్ట్ అనే మాటకి ఇంట్లో ఉన్న అసలు విలువ ఇదొక్కటే. ఫోనులో గ్రాఫులు, నెలవారీ రిపోర్టులు, రంగులు మార్చే లైట్లు ఉంటే ఉండనివ్వండి, వాటి కోసం మాత్రం చార్జర్ ఎంచుకోకండి.

నెట్ పోతే ఏమవుతుంది

మూడు చార్జర్లు పరిశీలనకి వచ్చాయి. పేర్లు అక్కర్లేదు, తేడాలు చాలు. మొదటిదాని యాప్ చాలా బాగుంది, తెలుగులో కూడా ఉంది. రెండోదాని యాప్ సాదాసీదా. మూడోది చవక, టైమర్ మాత్రమే ఉంది. లోడ్ బ్యాలన్సింగ్ లేదు కాబట్టి దాన్ని వెంటనే పక్కన పెట్టాం.

ఇంట్లో అందరికీ మొదటిదే నచ్చింది. నేను తేడాలు వివరిస్తుంటే ఇంటాయన అమ్మగారు అడిగారు: "రాత్రిపూట నెట్ పోతే బండి ఛార్జ్ అవుతుందా బాబూ?" నేను ఆ ఇంట్లో విన్న అన్ని ప్రశ్నల్లోకీ ఇదే గట్టి ప్రశ్న. ఎంపిక మొత్తం దీని మీదే తేలింది.

రెండు చార్జర్లనీ డెమో పెట్టించి, బల్ల మీద డమ్మీ లోడుతో నడిపి చూశాం. మొదటిదానిలో సీటీల లెక్క వైఫై మీద కంపెనీ సర్వర్‌కి వెళ్ళి, అక్కడి నుంచి చార్జర్‌కి తిరిగి వస్తుంది. రౌటర్ ఆపేశాం. కాసేపు ఆగి, ఇంటి లోడుతో సంబంధం లేకుండా అది తన పూర్తి కరెంటుకి వెళ్ళిపోయింది. అంటే "ఛార్జ్ అవుతుందా?" అన్న ప్రశ్నకి జవాబు అవును. కానీ నెట్ లేని రాత్రి మోటారు ఆన్ అయితే మళ్ళీ ఆ 40 ఆంప్సే. రెండోదానిలో సీటీ మీటరు నుంచి చార్జర్‌కి నేరుగా ఆర్‌ఎస్-485 అనే డేటా వైరు వెళ్తుంది. రౌటర్ ఆపితే దానికి ఏ తేడా లేదు. తర్వాత ఆ వైరే పీకేశాం. వెంటనే 6 ఆంప్స్‌కి దిగి, ఎర్రర్ చూపిస్తూ నెమ్మదిగా ఛార్జ్ చేస్తూనే ఉంది. నాకు కావాల్సింది ఇదే. సమాచారం అందనప్పుడు తక్కువ వైపుకి వెళ్ళాలి, ఎక్కువ వైపుకి కాదు. ఈ పరీక్ష చేసి చూపించమని ఏ డీలర్‌నైనా అడగొచ్చు. చేయనంటే అది కూడా ఒక సమాధానమే.

నెట్ మీద ఆధారపడకూడదన్నది నా ఒక్కడి చాదస్తం కాదు. బ్రిటన్‌లో ఇళ్ళ చార్జర్లకి 2021లో స్మార్ట్ చార్జ్ పాయింట్ నిబంధనలు తెచ్చి, 2022 జూన్ 30 నుంచి అమల్లో పెట్టారు. నెట్ తెగిపోయినా చార్జర్ కారుని ఛార్జ్ చేయగలిగి ఉండాలని వాటిలో స్పష్టంగా ఉంది. అవే నిబంధనల్లో ఇంకో చక్కని ఏర్పాటు కూడా ఉంది. రాత్రి కరెంటు రేటు తగ్గే గంట కొట్టగానే వేలాది కార్లు ఒకే క్షణంలో ఆన్ అయితే గ్రిడ్డు మీద ఒక్కసారిగా దెబ్బ పడుతుంది. అందుకని ప్రతి చార్జర్ మొదలయ్యే ముందు 10 నిమిషాల లోపు ఎంతో కొంత ఆలస్యం, ఎంతన్నది యాదృచ్ఛికంగా, చేసుకోవాలి. కావాలంటే ఇంటివాళ్ళు దాన్ని దాటేయొచ్చు.

కంపెనీ మూతపడితే ఏమిటన్నది దీని పక్కనే ఉన్న ప్రశ్న. 2024 అక్టోబరులో ఎనెల్ ఎక్స్ వే అనే చార్జర్ల కంపెనీ అమెరికా, కెనడాల్లో తన వ్యాపారాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. వాళ్ళ జ్యూస్‌బాక్స్ చార్జర్లు అక్కడ ఎన్నో ఇళ్ళలో ఉన్నాయి. పెట్టెలు ఛార్జ్ చేయడం మానలేదు. కానీ యాప్ మీద ఆధారపడ్డ సదుపాయాల గతేమిటని జనం టెన్షన్ పడాల్సి వచ్చింది. ఓపెన్ చార్జ్ అలయన్స్ అనే సంస్థ నిర్వహించే ఓసీపీపీ అనే ఉమ్మడి భాష ఉన్న చార్జర్‌ని అవసరమైతే వేరే సర్వర్‌కి మార్చుకోవచ్చు. ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది 2015లో వచ్చిన 1.6 వెర్షను, ఆ తర్వాత 2020లో 2.0.1 వచ్చింది. అయితే డబ్బా మీద ఓసీపీపీ అని అచ్చు వేసినంత మాత్రాన సరిపోదు. కొన్ని కంపెనీలు సర్వర్ చిరునామా మార్చే వీలు లేకుండా తాళం వేస్తాయి. "ఆ చిరునామా నేను మార్చుకోవచ్చా?" అని అడిగి, సెట్టింగుల్లో ఆ పేజీ తెరిపించి కళ్ళతో చూడండి. రెండో చార్జర్‌లో అది ఉంది. దాన్నే తీసుకున్నాం. త్రీ ఫేజ్‌ది తీసుకున్నాం, ఎందుకంటే చార్జర్ ఒక కారు కంటే ఎక్కువ కాలం గోడ మీద ఉంటుంది, రాబోయే కారు త్రీ ఫేజ్ 11 కిలోవాట్లది కావచ్చు. సింగిల్ ఫేజ్ కారు కూడా దాని మీద హాయిగా ఛార్జ్ అవుతుంది.

కేబులు, రక్షణ

కేబుల్ 10 చదరపు మిల్లీమీటర్ల రాగిది, ఐదు కోర్లది. 20 మీటర్ల దూరానికి, 25 ఆంప్స్‌కి 6 చదరపు మిల్లీమీటర్లది కూడా నడిచేది. దానిలో వోల్టేజి 3 వోల్టులు పడిపోతుంది, 77 వాట్లు వేడిగా పోతాయి. 10లో 1.8 వోల్టులు, 46 వాట్లు. కరెంటు ఆదా కోసం కాదు, గోడ లోపల కండ్యూట్‌లో గంటల తరబడి కాగే తీగ ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని, రేపు లోడు పెరిగినా గోడ పగలగొట్టే పని ఉండకూడదని. అదే దారిలో వేరే కండ్యూట్‌లో డేటా వైరు కూడా లాగించాను. పార్కింగ్ దగ్గర వైఫై సిగ్నల్ ఒక గీత చూపిస్తుంటే దాని మీద భద్రత నిలబెట్టలేం.

చార్జర్ గరిష్ఠ కరెంటుని 25 ఆంప్స్‌కి లోపలున్న స్విచ్చుతోనే కట్టేశాం, యాప్‌లో కాదు. దానికి విడిగా 32 ఆంప్స్ ఎంసీబీ.

ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎర్తులోకి లీకైతే లైను కట్ చేసే స్విచ్చు, దగ్గర మాత్రం కాస్త ఆగాలి. కారులో ఏదైనా లోపం వస్తే డీసీ కరెంటు ఎర్తులోకి లీకవచ్చు. చాలా ఇళ్ళలో ఉండే టైప్ ఏసీ ఆర్‌సీసీబీ ఆ డీసీతో మొద్దుబారిపోతుంది. అప్పుడు నిజంగా మనిషికి షాక్ తగిలినా అది పడకపోవచ్చు. దాని ముఖం మీద ఒక అల గీత మాత్రమే ఉంటే అది టైప్ ఏసీ. అల గీతతో పాటు కింద సగం అలలు కూడా ఉంటే టైప్ ఏ. మేం తీసుకున్న చార్జర్‌లో 6 మిల్లీఆంపియర్ల డీసీ లీకేజీని పట్టేసి ఆపే ఏర్పాటు ఉంది కాబట్టి దాని ముందు 30 మిల్లీఆంపియర్ల టైప్ ఏ చాలు. ఆ ఏర్పాటు లేని చార్జర్ అయితే టైప్ బి పెట్టాలి, అది ఖరీదు. చార్జర్ చవకగా వచ్చిందని సంబరపడేవాళ్ళు ఈ తేడా కూడా కలిపి లెక్కేసుకోవాలి. ఇంకొకటి, చార్జర్ లైను ఇంటి పాత ఆర్‌సీసీబీ కింది నుంచి తీయకూడదు. దానికి ముందు నుంచే విడిగా తీయాలి. లేదంటే ఆ పాతది మొద్దుబారే ప్రమాదం అలాగే ఉంటుంది. ఎర్తింగ్ మీటరుతో కొలిచి, పిట్ దగ్గర తుప్పు పట్టిన క్లాంపు మార్పించాం. ఎర్తు బాగా లేకపోతే చాలా కార్లు అసలు ఛార్జింగే మొదలుపెట్టవు, ఆ నింద చార్జర్ మీద పడుతుంది.

మొదట అనుకున్న గోడకి మధ్యాహ్నం నుంచి ఎండ నేరుగా కొడుతోంది. లోపల వేడెక్కితే చార్జర్ తనంతట తానే కరెంటు తగ్గించుకుంటుంది కాబట్టి నీడ ఉన్న పక్క గోడకి మార్చాం.

ఏ ఫేజు ఎక్కడ

త్రీ ఫేజ్ చార్జర్‌కి సింగిల్ ఫేజ్ కారు తగిలిస్తే అది చార్జర్‌లోని మొదటి టెర్మినల్ నుంచే కరెంటు తీసుకుంటుంది. మామూలు వరుసలో వైర్లు బిగిస్తే ఆ మొదటి టెర్మినల్‌కి ఆర్ ఫేజు వస్తుంది. మన ఇంట్లో అన్నిటికంటే బరువు మోస్తున్నది అదే. అందుకే వరుస తిప్పి, మొదటి టెర్మినల్‌కి బి, రెండోదానికి ఆర్, మూడోదానికి వై ఇప్పించాను. ఇలా తిప్పితే ఫేజుల క్రమం చెడదు, మొదలు మాత్రమే మారుతుంది.

పవర్ వైర్లు తిప్పితే సీటీలు కూడా అదే వరుసలో తిప్పాలి. బిగింపు పూర్తయ్యాక కారు ఛార్జింగ్‌లో పెట్టి నీళ్ళ మోటారు ఆన్ చేయించాను. కరెంటు 25 నుంచి 19కి దిగాలి. దిగలేదు. గీజరు ఆన్ చేయిస్తే మాత్రం దిగింది. అంటే సీటీలు పాత వరుసలోనే ఉన్నాయి. కారు బి ఫేజు నుంచి లాగుతోంది, చార్జర్ ఆర్ ఫేజుని కాపలా కాస్తోంది. యాప్‌లో అన్నీ పచ్చగానే ఉన్నాయి, ఏ ఎర్రరూ లేదు. రింగులు మార్చాక మోటారు ఆన్ కాగానే 19కి వచ్చి నిలబడింది. సీటీ మీద బాణం గుర్తు ఉంటుంది, దాని దిక్కు కూడా అప్పుడే సరిచూశాం. సోలార్ వచ్చాక కరెంటు లోపలికి వస్తోందా, బయటికి పోతోందా అన్నది ఆ దిక్కు మీదే తెలుస్తుంది. నిజమైన లోడుని ఒక్కొక్క ఫేజు మీద ఆన్ చేసి చూడకుండా ఏ లోడ్ బ్యాలన్సింగ్‌నీ నమ్మకండి. ఈ పరీక్ష అయ్యే దాకా ఎలక్ట్రీషియన్‌ని ఇంటి నుంచి కదలనివ్వకండి.

వాడకంలో తేలినవి

మొదట్లోనే ఒక ఫిర్యాదు వచ్చింది. పొద్దున లేచేసరికి కారు ఛార్జ్ అయి లేదు. చూస్తే కారులో ఒక టైమర్, చార్జర్‌లో ఒక టైమర్ ఉన్నాయి. కారు తెల్లవారుజామున మొదలవుదామని ఆగింది, ఆ సమయానికి చార్జర్ తన గడువు ముగించేసింది. కారులోది తీసేసి చార్జర్‌లోది మాత్రమే ఉంచాం. టైమర్ ఎప్పుడూ ఒక్కచోటే ఉండాలి. కొన్ని కార్లు ప్లగ్ పెట్టి చాలాసేపు వదిలేస్తే నిద్రలోకి జారుకుని, చార్జర్ పిలిచినా లేవవు. అలాంటి కారు అయితే టైమర్ కారులోనే పెట్టి, చార్జర్‌ని ఎప్పుడూ తెరిచి ఉంచడం మేలు. ఈ కారుకి ఆ ఇబ్బంది లేదని రాత్రంతా ఉంచి చూశాకే ఇలా నిర్ణయించాం.

ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత చార్జర్‌లో పెట్టిన టైమర్ చెరిగిపోయింది. 25 ఆంప్స్ హద్దు మాత్రం చెక్కుచెదరలేదు, ఎందుకంటే అది స్విచ్చుతో పెట్టింది. భద్రతకి సంబంధించినది యాప్‌లో ఉండకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

సోలార్ ఇంకా రాలేదు కానీ లెక్క ముందే వేసి ఇచ్చాను. 6 ఆంప్స్ కనిష్ఠం అంటే సింగిల్ ఫేజ్ కారుకి 1.38 కిలోవాట్లు. మిగులు అంతకంటే తగ్గితే చార్జింగ్ ఆగాలి, లేదా మిగతాది గ్రిడ్డు నుంచి తెచ్చుకోవాలి. త్రీ ఫేజ్ కారు అయితే ఆ కనిష్ఠం 4.1 కిలోవాట్లు. మేడ మీద 5 కిలోవాట్ల ప్యానెళ్ళు పెట్టుకున్న ఇంట్లో ఇంటి వాడకం పోగా అంత మిగులు ఉండే గంటలు తక్కువ. త్రీ ఫేజ్ నుంచి సింగిల్ ఫేజ్‌కి తనంతట తాను మారే చార్జర్ అయితేనే అప్పుడు ఉపయోగం. మేం తీసుకున్నదానిలో అది ఉంది. మబ్బు వచ్చి పోయినప్పుడల్లా లోపల కరెంటుని కలిపి తెంచే స్విచ్చు (కాంటాక్టర్) టకటకా ఆన్ ఆఫ్ కాకుండా కొన్ని నిమిషాల ఆలస్యం పెట్టుకునే వీలు కూడా ఉంది. మరీ తక్కువ కరెంటుతో ఛార్జ్ చేస్తే ఆదా అనుకోవడం కూడా పొరపాటు. ఛార్జ్ అవుతున్నంతసేపు కారులోని ఎలక్ట్రానిక్స్, పంపులు ఎలాగూ కొంత కరెంటు తింటూనే ఉంటాయి. 6 ఆంప్స్ మీద ఆ వాటా ఎక్కువ, 25 మీద తక్కువ. ఎండ ఉచితం కాబట్టి సోలార్‌తో ఫరవాలేదు. రాత్రి గ్రిడ్డు మీద మాత్రం నెమ్మదిగా పెట్టి లాభం లేదు.

కొన్ని నెలలయ్యాక వెళ్ళి మెయిన్ బోర్డులోనూ చార్జర్‌లోనూ టెర్మినల్ స్క్రూలన్నీ టార్క్ స్క్రూడ్రైవర్‌తో మళ్ళీ బిగించాను. మెయిన్ బ్రేకర్ బి ఫేజు టెర్మినల్ ఒక్కటే కాస్త తిరిగింది. లాగర్ మళ్ళీ పెట్టి చూస్తే బి ఫేజు మోటారు ఆన్ అయిన మొదటి కొన్ని సెకన్లు తప్ప 28 దాటలేదు. రెండో కారు బుక్ చేశారట, అది త్రీ ఫేజ్ 11 కిలోవాట్లది. అప్పుడు రెండు చార్జర్లు ఒకే సీటీ మీటరు కింద ఆ హద్దుని పంచుకోవాలి. రెండో చార్జర్ కోసం డేటా వైరు ఇప్పటికే గోడలో చుట్ట చుట్టి ఉంది. ఆర్ ఫేజు మీది గీజర్లలో ఒకదాన్ని ఆ కారు వచ్చేలోగా వై మీదకి మార్చాలి.